గడప పేరు

స్త్రోమా ఊళ్ళో ముప్పై ఆరేళ్ళు ఉత్తరాలు పంచిన మనిషి లుద్వీనా. పోలండులో తాత్రా కొండల కింద, ఏటవాలుకు అతుక్కుని కూర్చున్న ఊరది. నలభై నాలుగు ఇళ్ళు. రోజుకు పదకొండు కిలోమీటర్ల నడక, అందులో సగం ఎక్కుడే. ఉద్యోగం దిగిపోయిన రోజున ఆమె కాగితం ముందేసుకుని గుణించి చూసింది. తాను నడిచిన దూరం భూమి చుట్టూ మూడు చుట్లకు పిసరంత తక్కువ వచ్చింది. ఆదివారాలు చర్చికి నడిచింది కలిపితే ఆ పిసరు కూడా పూడిపోతుందని ఆమె వాదన. కాదన్నవాడు ఇంతవరకూ లేడు.

చదివింది ఊరి బళ్ళో ఏడు తరగతులు. అయినా ఆ జిల్లాలో మొట్టమొదటి ఆడ పోస్టుమనిషి ఆమే. అరవై మూడు చలికాలంలో కంచెలు కూడా కనబడనంత మంచు పడితే, స్కీలు కట్టుకుని వెళ్ళి ముసలివాళ్ళందరికీ పింఛన్లు చేర్చింది. ఒక్కరికీ ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు. ఒకసారి అడవి మలుపులో తోడేలు ఎదురైతే సంచీలోంచి కమ్యూనిస్టు పార్టీ పత్రిక తీసి ముట్టించి దాన్ని తరిమింది. ఆ పత్రిక వల్ల ఊరికి జరిగిన మేలు అదొక్కటేనని తర్వాత చెప్పుకునేది, కాస్త గొంతు తగ్గించి. పదకొండు మంది అవ్వలకు సంతకం నేర్పింది. ఊరికి టెలిఫోను తీగ వేయించింది. మంత్రిత్వశాఖ వాళ్ళు ఇచ్చిన కంచు పతకం మేరీమాత పటం కింద మేకుకు వేలాడుతూ ఉంటుంది, వచ్చినవాళ్ళకు అడక్కుండానే కనబడేలా.

కానీ ఆమె అసలు గొప్పతనం ఇవేవీ కావు. ఆ నలభై నాలుగు ఇళ్ళలో ఇరవై ఆరు ఇళ్ళవాళ్ళ ఇంటిపేరు రఫాచ్. వోయ్‌చెఖ్ రఫాచ్‌లే ఆరుగురు. అందుకని ఆ కొండల్లో ప్రతి గడపకూ ఒక పేరుంటుంది. ముత్తాత చేసిన పనిని బట్టో, ఎవరికో ఉన్న మెల్లకన్నును బట్టో ఎప్పుడో పడిపోయిన పేరు. లుద్వీనా పుట్టిల్లు తోపూర్ గడప. తోపూర్ అంటే గొడ్డలి, ముత్తాత వడ్రంగి. గడప పేరు నోటితో అనేదే గానీ కాగితం మీద పెట్టేది కాదు. బాప్తిస్మం పుస్తకంలో ఉండదు, పొలం దస్తావేజులో ఉండదు, ఆఖరికి సమాధి రాయి మీదైనా ఉండదు. లుద్వీనా మాత్రం ప్రతి ఉత్తరం మూలనా పెన్సిలుతో సన్నగా గడప పేరు రాసుకునేది. ఇంటి ముందుకు చేరాక రబ్బరుతో చెరిపేసి చేతికిచ్చేది. గడప పేరున్న కవరు చేతికివ్వడం ఆమె లెక్కలో చొక్కా లేకుండా చర్చికి వెళ్ళడంతో సమానం. ముప్పై ఆరేళ్ళలో ఒక్క ఉత్తరం తప్పు గడప తొక్కలేదు.

ఇంతటి మనిషికి ఒక్కరి జాడ మాత్రం దొరకలేదు. ఆ ఒక్కడూ సొంత అన్న కాస్పెర్.

జర్మన్లు ఊళ్ళోకి వచ్చిన తర్వాతి ఫిబ్రవరిలో, వెయ్యిన్ని తొమ్మిది వందల నలభైలో, ఇరవయ్యేళ్ళ కాస్పెర్ స్కీలు వేసుకుని కొండ దాటి వెళ్ళిపోయాడు. అవతల స్లొవేకియా, ఆ కింద హంగరీ, అక్కణ్ణుంచి ఎక్కడో తయారవుతున్న పోలిష్ సైన్యం. అప్పటికి లుద్వీనాకు ఎనిమిదేళ్ళు. వాగు అవతల కోయిస్ గడప పిల్ల రోజాలియాతో అతనికి పెళ్ళి మాట అయిపోయింది. "కోతలకల్లా వచ్చేస్తా" అని ఆమెతో చెప్పి వెళ్ళాడు. ఏ ఏడు కోతలో చెప్పలేదు. మరుసటి ఏడు కొండ దాటి వచ్చిన ఒక రహస్య వార్తాహరుడు, కాస్పెర్ ఇంగ్లండులో ఉన్నాడని, విమానాల్లో చేరాడని, బొద్దుగా అయ్యాడని చెప్పి వెళ్ళాడు. ఆ తర్వాత మాటా లేదు, మనిషీ లేడు.

యుద్ధం అయిపోయింది. పక్క ఊరి సైనికుడొకడు తిరిగొచ్చి, కాస్పెర్ లాంటి మనిషి స్కాట్లండులో ఎవరో ఎర్రజుట్టు అమ్మాయిని చేసుకుని సుఖంగా ఉన్నాడని ఎవరో చెప్పగా విన్నానన్నాడు. ఆ మాట ఊరంతా తిరిగి రోజాలియా గడప దగ్గర ఆగింది. ఆమె మరో మూడేళ్ళు చూసింది. నలభై తొమ్మిదిలో రంపపు మిల్లులో పనిచేసే నిదానస్తుణ్ణి చేసుకుంది, ముగ్గురు పిల్లల్ని కంది, బాగానే బతికింది. కానీ కోపం చల్లారలేదు. ఆ కోపానికి రోజూ ఎదురుపడే మనిషి లుద్వీనాయే, ఎందుకంటే వాగు అవతలి ఇళ్ళకు టపా తీసుకెళ్ళాల్సింది ఆమే.

"ఏమే టపా పిల్లా, ఇంగ్లండు దొరగారు ఏమన్నా రాశారా?"

"లేదు రోజాలియా."

"రాస్తాడులే. తెల్ల రొట్టె తినడం అయిపోయాక మూతి తుడుచుకుని రాస్తాడు."

వానైనా ఎండైనా ఇదే మాట. లుద్వీనాకు జుట్టు నెరిసినా ఆమెకు టపా పిల్లే. లుద్వీనా పెళ్ళి చేసుకుంది, వితంతువైంది, తల్లిని మట్టి చేసింది. ఆ తల్లి ప్రతి నవంబరులోనూ చనిపోయినవాళ్ళ పండుగకు అందరి పేరునా దీపం పెట్టి, కాస్పెర్ దగ్గరకొచ్చేసరికి అగ్గిపుల్ల చేత్తో పట్టుకుని ఆగిపోయేది. పెడితే చచ్చాడని ఒప్పుకున్నట్టు, పెట్టకపోతే వదిలేసి పోయాడని ఒప్పుకున్నట్టు. తన అన్న అలా మాట తప్పేవాడు కాదని లుద్వీనాకు ఎనిమిదేళ్ళప్పుడే తెలుసు. ఆ సంగతి రోజాలియాకు కూడా తెలియాలి, ఇద్దరూ బతికుండగానే తెలియాలి. ఆమె పట్టుదలంతా దాని మీదే.

లండనులో పాత పోలిష్ సైనికుల కాగితాలు దాచే కార్యాలయం ఒకటుంది. లుద్వీనా దానికి మూడుసార్లు రాసింది. మొదటిసారి యాభై ఏడులో. దానికి జిల్లా ఆఫీసు వాళ్ళు పిలిపించి, ఇంగ్లండులో నీకెవరున్నారని ఒక పూటంతా అడిగారు. "అది తెలియకే కదా రాశాను" అని ఆమె ఒక పూటంతా అదే జవాబు చెప్పింది. రెండోసారి ఎనభై ఒకటిలో, మూడోసారి తొంభై ఏడులో. మూడుసార్లూ ఒకే జవాబు: కాస్పెర్ రఫాచ్, జనవరి ఆరున పుట్టినవాడు, మా జాబితాల్లో లేడు. దాని కింద ఒక వాక్యం: "దేశంలో ఉండిపోయిన తమవాళ్ళకు హాని జరగకూడదని చాలామంది వేరే పేరుతో చేరారు. అతనికి అలాంటి మారుపేరు ఏదైనా ఉంటే తెలియజేయగలరు."

ఆ వాక్యం చదివినప్పుడల్లా లుద్వీనాకు ఒళ్ళు మండేది. "మా అన్నకు మారుపేరెందుకు? గుర్రాలు దొంగిలించాడా?" అని కాగితాన్నే కసిరి సొరుగులో పడేసేది.

మూడో జవాబు సంగతి విని రోజాలియా వాగు ఇవతలికి వినబడేలా నవ్వింది. "జాబితాలోనే లేడా! అయితే విమానం ఎక్కనే లేదన్నమాట. నేననుకుంటూనే ఉన్నా. నిచ్చెన ఎక్కితేనే కళ్ళు తిరిగేవి వెధవకి."

"వాడు చర్చి శిఖరం మీద పలకలు వేశాడు!"

"కింద నేను నిలబడి చూస్తున్నానని వేశాడు."

రెండు వేల ఎనిమిది సెప్టెంబరు వచ్చింది. లుద్వీనాకు డెబ్బై ఏడు, రోజాలియాకు ఎనభై ఏడు. ఊరికి పట్నం నుంచి కొత్త పోస్టుమనిషి వచ్చింది, మర్చెలీనా అని, ఇద్దరు పిల్లల తల్లి. ఒక మధ్యాహ్నం ఆమె లుద్వీనా గుమ్మం ముందు బెంచీ మీద కూలబడింది.

"పెద్దమ్మా, వోయ్‌చెఖ్ రఫాచ్ ఇల్లు ఇదేనా? పొద్దుట్నుంచి నాలుగిళ్ళు తిరిగా. ఒకాయన నాది కాదన్నాడు. ఒకావిడ ఆయన పోయి పదేళ్ళయిందంది. ఇంకొకాయన విప్పి, మొత్తం చదివి, మళ్ళీ అంటించి ఇచ్చాడు."

"ఎవరు రాశారు?"

"పళ్ళ డాక్టరు."

"అయితే కూబుష్ గడప వోయ్‌చెఖ్‌కి. మిగతావాళ్ళకి పళ్ళు లేవు." లుద్వీనా ఆమెకు టీ గ్లాసు అందించి, ముప్పై ఆరేళ్ళ అనుభవం ఉన్న గొంతు సవరించుకుంది. "ఇలా చూడు. ఊరికే రఫాచ్ అంటే ఈ ఊళ్ళో దేవుడికి కూడా మనిషి దొరకడు. ప్రతి కవరు మూలనా గడప పేరు రాసుకో. పెన్సిలుతో. ఇచ్చేముందు చెరిపేయ్."

"గడప పేరంటే మారుపేరా పెద్దమ్మా?"

"మారుపేరేంటి! మారుపేరు దొంగలకుంటుంది. ఇది మనల్ని పిలిచే పేరు. వీధిలో ఎవరన్నా రఫాచ్ అని కేకేస్తే నేను వెనక్కి తిరిగి కూడా చూడను. తోపూర్ లుద్వీనా అంటేనే నేను. మా నాన్న తోపూర్ యోజెఫ్. మా అన్న తోపూర్..."

నోరు అలాగే తెరిచి ఉండిపోయింది. మర్చెలీనా భయపడి, "గుండె నొప్పా పెద్దమ్మా? మంచినీళ్ళు తేనా?" అంది.

"గుండె నొప్పి కాదే. బుర్ర లేకపోవడం" అంది లుద్వీనా. "వెళ్ళకు. ఉత్తరం ఉంది, రాసిస్తా."

టేబులు ముందు కూర్చుంది. తోపూర్ అన్న పేరు ఆమె వేలసార్లు పెన్సిలుతో రాసింది, వేలసార్లు చెరిపింది. సిరాతో రాయడం ఇదే మొదలు. చెయ్యి మొరాయించింది. జర్మన్లు లెక్క చూసుకోవడానికి ఉన్న ప్రతి పుస్తకంలోనూ తమది రఫాచ్ అనే ఉంటుంది. తోపూర్ అన్న ముక్క ఏ పుస్తకంలోనూ లేదు. తల్లినీ తండ్రినీ ఎనిమిదేళ్ళ చెల్లెల్నీ దాచాలనుకున్నవాడికి ఇంతకంటే మంచి చోటు దొరుకుతుందా? అబద్ధం ఆడక్కర్లేదు కూడా. ఎవరన్నా పిలిస్తే వెంటనే పలకొచ్చు. యాభై ఏడు నుంచీ లండను వాళ్ళు అడుగుతున్నది ఈ పేరే. గడప పేరు కూడా ఒక పేరేనని ఆమెకు తట్టలేదు, అంతే.

ఏడు వారాలకు జవాబు వచ్చింది. మర్చెలీనా వాగు కిందనుంచే కవరు ఊపుతూ, "లండనూ! పెద్దమ్మా, లండనూ!" అని అరుచుకుంటూ ఎక్కింది. ఊళ్ళో సగం కిటికీలు తెరుచుకున్నాయి.

ఒకటే కాగితం. కాస్పెర్ తోపూర్, సార్జెంటు, విమానం వెనక కొసన ఉండే తుపాకీ అతని పని. వెయ్యిన్ని తొమ్మిది వందల నలభై నాలుగు ఆగస్టులో, తిరుగుబాటు జరుగుతున్న వార్సా నగరానికి ఇటలీ నుంచి ఆయుధాలు చేరవేసి తిరిగి వెళుతుండగా హంగరీలో విమానం కూలింది. ఏడుగురూ చనిపోయారు. ఆ ఊరివాళ్ళే పాతిపెట్టారు. చివర ఇలా ఉంది: "కానీ మీరు రాసిన పుట్టిన తేదీ జనవరి ఆరు. మా కాగితంలో డిసెంబరు ఇరవై తొమ్మిది. ఇతనే మీ అన్న అని రుజువైతే పూర్తి నకళ్ళు పంపగలం."

కాస్పెర్ జనవరి ఆరునే పుట్టాడు, బాల యేసును చూడ్డానికి వచ్చిన ముగ్గురు రాజుల పండుగ నాడు; ఆ రాజుల్లో ఒకడి పేరు కాస్పెరే. ఏటా ఆ రోజునే తల్లి తీపి రొట్టె చేసేది. వీడు వేరే తోపూరేమో. ఎక్కడో ఇంకో ఊళ్ళో, ఇంకో చెల్లెలి అన్నేమో.

శాలువా కప్పుకుని చర్చికి వెళ్ళింది. ఫాదర్ జెనోన్ కుర్రవాడే గానీ పాత పుస్తకాలంటే ప్రాణం. పంతొమ్మిది వందల ఇరవై నాటి బాప్తిస్మం పుస్తకాన్ని పసిబిడ్డను తెచ్చినట్టు రెండు చేతులా తెచ్చాడు.

"అన్నగారు ఎప్పుడు పుట్టారో తెలియదా అమ్మా మీకు?"

"పుట్టింది ఎవరికి కావాలి ఫాదర్? మేము చేసేది పేరు పండుగ. కాస్పెర్ పేరు పండుగ జనవరి ఆరు. ఆ రోజే పుట్టాడనుకున్నాం."

"మీ పుట్టినరోజైనా తెలుసా?"

"పింఛను కాగితంలో ఉంది. అదీ నిజమో కాదో."

ఫాదర్ వేలు పేజీ మీద మెల్లగా దిగి ఒకచోట ఆగింది. "ఇదిగో. కాస్పెర్ రఫాచ్. బాప్తిస్మం జనవరి ఆరు, అందుకే ఆ పేరు పెట్టారు. పుట్టింది అంతకు ముందు వారం." అద్దాలు పైకి తోసుకుని మళ్ళీ చూశాడు. "డిసెంబరు ఇరవై తొమ్మిది. పక్కన రాసి ఉంది, మంచు వల్ల బిడ్డను తేవడం ఆలస్యమైందని."

లుద్వీనా ఆ గదిలోని బల్ల మీద కూర్చుంది. అరవై ఎనిమిదేళ్ళుగా ఎక్కడున్నాడో తెలియని మనిషి ఇప్పుడు ఒకచోట ఉన్నాడు. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. ముందు వచ్చింది ఊపిరి. ఇన్నాళ్ళూ సగమే పీలుస్తున్నట్టు. "ఈ పేజీ నకలు తీసి ముద్ర వేసివ్వండి ఫాదర్," అంది లేచి. "ఈ పూట టపా పోకముందే."

మర్చెలీనా ఆ కవరును చేత్తో పట్టుకునే పట్నం దాకా వెళ్ళింది. క్రిస్మస్‌కు పది రోజుల ముందు పూర్తి నకళ్ళు వచ్చాయి.

కాస్పెర్ సైన్యంలో చేరినప్పుడు తన చేత్తో నింపిన కాగితం ఉంది. పేరు తోపూర్. పని వడ్రంగం. చదువు ఏడు తరగతులు. తల్లిదండ్రుల పేర్లున్నచోట ఖాళీ. ఆఖరి గడిలో, చనిపోతే తెలియజేయవలసినవారు: "యుద్ధం ముగిశాకే తెలపాలి. రోజాలియా కోయిస్, స్త్రోమా గ్రామం. కాబోయే భార్య."

దాని వెనక ఇంకో నకలు. నలభై ఆరులో లండను నుంచి ఆ చిరునామాకే వచ్చిన కవరు. దాని మీద అడ్డంగా స్త్రోమా టపా ముద్ర: ఈ పేరుగలవారు ఈ ఊళ్ళో లేరు.

నలభై ఆరులో స్త్రోమా పోస్టుమనిషి పల్లపు ప్రాంతం నుంచి కొత్తగా వచ్చినవాడు. అతని దగ్గరున్న జాబితాలో రోజాలియా రఫాచ్‌లు ముగ్గురున్నారు. కోయిస్ ఒక్కరూ లేరు. ఎవర్నైనా అడిగినా సరిపోయేది. అడగలేదు, తిప్పి పంపేశాడు. లుద్వీనా ఆ ముద్రను చాలాసేపు చూసింది. అప్పటికి తాను ఉద్యోగంలో లేదు, పదిహేనేళ్ళ పిల్ల. ఆ మాట తనకు తాను చెప్పుకుంటే ఒక క్షణం తేలికగా ఉండేది, వెంటనే సిగ్గేసేది. యాభై ఏడులో తాను సరైన పేరు రాసి ఉన్నా అప్పటికి రోజాలియా పెళ్ళి అయిపోయింది, నిజమే; కానీ కోపానికి అప్పుడు ఎనిమిదేళ్ళే వయసు. అది ఇంత ముదరనిచ్చింది తానే.

ఐదు రోజులు ఆలోచించింది. చనిపోయాడన్న కాగితం ఒక్కటి చూపిస్తే చాలదా? ఎనభై ఏడేళ్ళ మనిషికి, నీకోసం ఉత్తరం వచ్చింది, మన ఊరే వెనక్కి పంపింది అని చెప్పాలా? ఆరో రోజు పొద్దున బూట్లు వేసుకుంటూ తనమీద తానే విసుక్కుంది. ఉత్తరం ఎవరిదో వాళ్ళకివ్వాలి. అందులో ఏముందో చూసి ఇవ్వాలా వద్దా అని తేల్చడం పోస్టుమనిషి పని కాదు.

రోజాలియా వంటింట్లో పుల్ల క్యాబేజీ చారు కలుపుతోంది. తల తిప్పకుండానే మొదలుపెట్టింది.

"కబురు లేకుండా వచ్చావంటే ఏదో మోసుకొచ్చావు. ఏం, దొరగారు రాశారా?"

"రాశాడు."

గరిట ఆగింది.

"వయసు మీరాక ఎగతాళి నేర్చుకున్నావా?"

"కూర్చో రోజాలియా. పొయ్యి కట్టేసి కూర్చో."

కాగితాలు ఒక్కొక్కటే ముందు పెట్టింది. రోజాలియా భూతద్దం తెచ్చుకుంది. చారు చల్లారిపోయింది. ఆఖరి గడి దగ్గర భూతద్దం చాలాసేపు కదల్లేదు.

"కోయిస్ అని ఎవడు రాశాడు?"

"వాడే. వాడి చేత్తో."

"మూర్ఖుడు. కాగితం మీద కోయిస్ అని ఎవడన్నా రాస్తాడా?"

"రఫాచ్ అని రాస్తే జర్మన్లు మా ఇంటికొచ్చేవాళ్ళు. మీ ఇంటికీ వచ్చేవాళ్ళు."

"ఈ ముద్రేంటి?"

"నీ పేరుగలవాళ్ళు ఊళ్ళో లేరని." లుద్వీనా గొంతు సవరించుకుంది. "స్త్రోమా టపా తరఫున చెబుతున్నా. ఇది నీ ఉత్తరం. కాస్త ఆలస్యమైంది."

"కాస్తా?" రోజాలియా తలెత్తింది. "అరవై రెండేళ్ళే! ఇంతలో ముగ్గుర్ని కని, పెంచి, వాళ్ళ పిల్లల పెళ్ళిళ్ళు కూడా చేశాను!" భూతద్దాన్ని లుద్వీనా వైపు చూపించింది. "నువ్వు మూడుసార్లు రాశావు కదా లండనుకి. ఏ పేరుతో?"

"రఫాచ్ అని."

"రోజూ గడప పేరు రాసి చెరిపే దానివి."

"అవును."

"అలాంటి దానివి."

"అవును రోజాలియా."

"నీకు పతకం కూడా ఇచ్చారు."

"ఇచ్చారు."

రోజాలియా ముఖం ముడుచుకుపోయింది. లుద్వీనా తిట్టుకు సిద్ధపడింది. కానీ వచ్చింది నవ్వు, లోపల ఎక్కడో ఇరుక్కుని దగ్గులా బయటపడిన నవ్వు. అది మధ్యలోనే ఏడుపైంది. మళ్ళీ నవ్వైంది. ముంజేత్తో ముక్కు తుడుచుకుంది.

"ఆ ఆగస్టులో రోజూ చీకటి పడ్డాక విమానాల మోత వినబడేది," అంది. "మా నాన్న మనవాళ్ళే అనేవాడు. నేను దుప్పటి ముసుగేసుకుని, వీళ్ళ మోతతో నిద్ర పాడైపోతోందని తిట్టుకునేదాన్ని."

"మన ఇళ్ళ మీదుగా వెళ్ళే ఉంటాడు. తిరిగి కూడా మన మీదుగానే."

"కోతలప్పుడే." రోజాలియా ఆ మాట ఇంకోసారి తనలో తాను అనుకుంది. "ఇన్నేళ్ళూ వాడి మీద కోపంతోనే పొద్దున్నే లేచేదాన్ని తెలుసా? మోకాళ్ళు నొప్పులున్నా లేచేదాన్ని. ఇప్పుడు దేంతో లేవమంటావు?"

"నా మీద కోపంతో లేవొచ్చు," అంది లుద్వీనా.

"అది ఎలాగూ ఉంది." రోజాలియా లేచి చారు మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. రెండు గిన్నెలు తీసింది. వీళ్ళిద్దరూ ఒక బల్ల దగ్గర తినడం అదే మొదటిసారి. "ఆ హంగరీ ఊరికి బస్సుందా వదినా?" అని అడిగింది. పెళ్ళి జరిగి ఉంటే లుద్వీనా ఆమెకు ఆడపడుచే. ఆ పిలుపుకు ఇద్దరూ ఒక క్షణం తడబడ్డారు. ఆ తర్వాత ఇద్దరూ ఉప్పు తక్కువైందన్నారు.

మే నెలలో ఫాదర్ జెనోన్ తన పాత కారులో ఇద్దర్నీ తీసుకెళ్ళాడు. రోజాలియా ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా, సరిహద్దు దగ్గర కాగితాలు అడుగుతారేమోనని చేతిసంచీ గట్టిగా పట్టుకుంది.

"ఎక్కడాపుతారు ఫాదర్?"

"దాటేసి అరగంటైందమ్మా. ఇప్పుడు ఆపరు. కాపలావాళ్ళ గుడిసె కూడా పీకేశారు."

రోజాలియా వెనక్కి తిరిగి కొండ వైపు చూసింది. కాస్పెర్ తుపాకులకు దొరక్కుండా మూడు రోజులు స్కీల మీద దాటిన చోటది. "చూశావా," అంది లుద్వీనాతో, ఎవరో ఏదో ఒప్పుకున్నట్టు.

హంగరీ ఊరు చదునుగా, రోడ్డు పక్క రెండు వరసల తెల్ల ఇళ్ళతో ఉంది. శ్మశానం గేటు దగ్గర ఎటెల్కా అనే పెద్దావిడ గసగసాలు పెట్టి చుట్టిన తీపి రొట్టెల పళ్ళెంతో నిలబడి ఉంది. విమానం కూలినప్పుడు ఆమె తల్లి పరిగెత్తుకెళ్ళిందట. ఆ తల్లి మొదలుపెట్టిన పూలే ఇప్పటికీ వేస్తున్నారు. ఆమెకు వీళ్ళ భాష రాదు, వీళ్ళకు ఆమెది రాదు. ఫాదర్‌కు వచ్చిన కొద్దిపాటి జర్మను, ఊరి సర్పంచుకు వచ్చిన అంతకంటే తక్కువ జర్మను, వీటితోనే పని నడిచింది. తినే విషయంలో అదీ అవసరం పడలేదు. లుద్వీనా తెచ్చిన పొగ పట్టిన గొర్రెపాల చీజును ఎటెల్కా వాసన చూసి కళ్ళు పెద్దవి చేసి రెండు ముక్కలు తింది.

రాయి మీద ఏడు పేర్లు. నాలుగోది తోపూర్. లుద్వీనా దాని మీద వేలు పెట్టింది. రాతిలో చెక్కిన అక్షరం, రబ్బరుతో పోయేది కాదు. పూల పాదులో కొవ్వొత్తి గుచ్చి అగ్గిపుల్ల గీసింది. తల్లి చెయ్యిలా ఈ చెయ్యి ఆగలేదు.

కావాలంటే సరైన ఇంటిపేరు చెక్కిస్తామని సర్పంచు ఫాదర్ ద్వారా చెప్పాడు. లుద్వీనా జవాబు చెప్పేలోపే రోజాలియా చెయ్యి ఊపేసింది. "వద్దు. రఫాచ్ అంటే వాడు పలకడు."

తర్వాత రోజాలియా రాయి ముందు మడతకుర్చీలో కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టింది. నలభై తొమ్మిదిలో పెళ్ళి చేసుకున్నానని, మనిషి మంచివాడేనని, ముగ్గురు పిల్లలని, పెద్దవాడికి వడ్రంగం రాదని, ఊళ్ళో చర్చి శిఖరం పలకలు ఇంకా అలాగే ఉన్నాయని, ఒక్కటే మార్చారని. లుద్వీనా కాస్త దూరంగా నిలబడి, వినకూడదనుకుంటూనే అంతా వింది. ఎటెల్కా ఆమె పక్కకు వచ్చి, ఏమంటోంది అన్నట్టు చూసింది. ఎలా చెప్పాలో తెలియక లుద్వీనా గాలిలో చేత్తో పొడవాటి చీటీ చదువుతున్నట్టు చూపించింది. ఎటెల్కాకు అర్థమైంది. ఆడవాళ్ళకు అర్థమయ్యే విషయమే.

వెళ్ళే వేళకు రోజాలియా మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. అవతల పొలంలో పొద్దుతిరుగుడు మొలకలు జానెడు ఎత్తుకు వచ్చాయి. విమానం పడింది ఆ పొలంలోనే, దున్నినప్పుడు ఇంకా ఇనుప ముక్కలు పైకొస్తాయని సర్పంచు చెప్పాడు.

"ఇవి ఎప్పుడు పూస్తాయి?" అని అడిగింది రోజాలియా.

"జూలైలో," అన్నాడు ఫాదర్.

"అయితే వచ్చే ఏడు జూలైలో రావాలి. మే నెలలో వచ్చి మట్టి చూసి పోతున్నాం."

"వచ్చే ఏటికి నీకు ఎనభై తొమ్మిది," అంది లుద్వీనా.

"కారు సంగతి నువ్వు ఫాదర్‌తో మాట్లాడు వదినా," అంది రోజాలియా కారెక్కుతూ. "ఎనభై తొమ్మిది సంగతి నేను చూసుకుంటా."